మా అన్న నడక

పరీక్షలు ముగిసి విద్యార్థులు తమ తమ యూళ్లకు బోవునప్పటికి ఈ సంచిక వారి చేతులలో నుండునని సంపాదకులు చెప్పిరి. అందుచేతనే యెండను గూర్చి వ్రాయ నిశ్చయించుకొంటిని. మన జిల్లా బాలురకు ఎండను గూర్చి యొకరు చెప్పవలెనా యని కొందరు నవ్వవచ్చును. రోహిణీ కార్తెలో రోళ్లు పగులునను మాట మనకు ఉగ్గుపాలతో వచ్చినదే. అయినను ఇరువదియేండ్లకు పైగా నన్ను వదలని ప్రశ్న యొకటి కలదు. ఒకే కాలువ గట్టున, ఒకే పగలు, ఒకే యెండలో ముప్పదిమంది పనిచేయుచుండగా, వారిలో నందరికంటె బలవంతుడే యేల కూలవలెను?

నా పుట్టినయూరు జూపాడు బంగ్లా. నందికొట్కూరునుండి ఆత్మకూరునకు బోవు బాటమీద నున్నది. మా మండలములోనిదే పోతిరెడ్డిపాడు తూము. అప్పుడు మాది కర్నూలు జిల్లా. 2022వ సంవత్సరము ఏప్రిలులో నంద్యాల జిల్లా యేర్పడినప్పుడు అందులో చేరితిమి. కాలువలలో నీరు పారు దినములలో మా యూరు చూచినవారికి ఎటు చూచినను వరిమళ్లు, కన్నులకు చలువ. మే మాసములో చూచినవారు మరల రారు. నల్లరేగడి నేల నెఱ్ఱెలు వాసి కాలు పట్టునంతగా నోరు తెరచును. పాదరసము 44, 45 డిగ్రీలకు ఎక్కును.

అది 2003వ సంవత్సరము మే నెల. ఆ వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వడదెబ్బచేత వేయిమందికి పైగా మరణించిరి. నేను పదవ తరగతి పరీక్ష వ్రాసి యింటనుంటిని. మా పెదనాయన కుమారునకు ఇరువదిమూడేండ్లు. ఊరి రచ్చకట్టకడనున్న గుండును భుజముమీది కెత్తగలవాడు అతడొక్కడే. రెండేండ్లుగా బెంగళూరులో నొక గుడ్డల దుకాణములో నుండి, చెల్లెలి పెండ్లికని వచ్చి నాలుగు దినములైనది. వచ్చిన మరునాడే జలుబు, జ్వరము తగిలినవి. మూడు దినములు మంచమున నుండి, నాలుగవ దినమున జ్వరము విడిచినదని లేచి, పెండ్లి ఖర్చునకు ఏదో కొంత సాయమగునని పంటకాలువ పూడిక తీయు పనికి బయలుదేరెను. పెద్దమ్మ వద్దన్నది. వినలేదు. జలుబు ఇంకను ఉన్నదని దుకాణములో కొన్న మాత్ర యొకటి మ్రింగి, తినీ తినక నా వెంట వచ్చెను. నేను కూడ ఆ పనికే పోవుచుంటిని. అప్పటికి పండ్రెండు దినములైనది.

పగలు పండ్రెండు గంటలకు అతని మాట మారినది. నన్ను చనిపోయిన మా తాత పేరుతో పిలిచెను. పార క్రింద బెట్టి, ఎవరో పిలిచినట్లు గట్టుమీద నడువసాగెను. నాలుగడుగులు తూలి పడిపోయెను. ఒంటిమీద చేయి వేయగా కాలుచుండెను; చెమట చుక్క లేదు.

అందరును చేరిరి. కానుగచెట్టు నీడకు మోసితిమి. పని చేయించుచున్న మేస్త్రీ, “తాగి వచ్చినాడప్పా, పట్నం అలవాట్లు” అనెను. మా అన్న కల్లు సారాయి ముట్టినవాడు కాడు. ఒక పెద్దాయన మీద చేయి వేసి చూచి, “జ్వరం తిరగబెట్టింది, ఏదైనా కప్పండి, గాలి తగలనీయకండి” అనెను. నీళ్లు తేబోయినవారిని ఇంకొకరు ఆపిరి. నేను పరుగున ఇంటికి బోయి దుప్పటి తెచ్చి, మెడవరకు కప్పి, గాలి దూరకుండ అంచులు నా చేతులతోనే నొక్కి పట్టుకొని కూర్చుంటిని. ఎంతసేపని అడిగినచో చెప్పలేను. అరగంటకు తక్కువ గాదు.

ఇంతలో సంగతి తెలిసి పెద్దమ్మ వచ్చెను. వచ్చుటతోనే నన్ను ప్రక్కకు నెట్టి, దుప్పటి లాగి పారవేసి, కూలివాండ్రకని తెచ్చిన బిందెలోని నీళ్లు అతని తలమీద, రొమ్ముమీద కుమ్మరించెను. “ఉడుకు ఒంటిమీద చన్నీళ్లు పోస్తావా, కొడుకును చంపుకుంటావా” అని కేకలు వేసిరి. ఆమె వినలేదు. రెండవ బిందె తెప్పించెను. తన కొంగు తడిపి విసరుచునే యుండెను. జీపు దొరికి, ఆస్పత్రికి చేరునప్పటికి కూడ థర్మామీటరు 107 చూపినది.

మా అన్న బ్రతికెను. పదునొకండు దినములకు ఇంటికి వచ్చెను. కాని నడక పోయినది. కాళ్లు ఎడముగా బెట్టి, ఓడమీద నిలిచినవానివలె ఊగుచు నడచును. గ్లాసు అందుకొనబోయిన చేయి గ్లాసును దాటిపోవును. మాట ముద్దగా వచ్చును. బుద్ధి మాత్రము చెక్కుచెదరలేదు. బస్సులో నెక్కినచో ప్రక్కవారు ముక్కు మూసికొని జరుగుదురు. మేస్త్రీ యన్న మాటకు ఈ నడక సాక్ష్యమైనది. ఊరిలో మరియొక మాటకూడ పుట్టినది. ఎండలో ఉడికిన ఒంటిపై తల్లి చన్నీళ్లు పోసినందున నరములు చచ్చినవని! ఆ మాట పెద్దమ్మ చెవినబడని దినము లేదు. దుప్పటి కప్పినవానిని మాత్రము ఎవరు నేమియు ననలేదు.

పిదప నేను చదివి ఉపాధ్యాయుడనై, పిల్లలకు శరీరశాస్త్రము చెప్పు పని నెత్తుకొంటిని. చెమటను గూర్చి మొదటిసారి పాఠము చెప్పిన దినమున నా చేతిలో సుద్దముక్క నిలువలేదు.

మన శరీరము ఒక పొయ్యి. తిన్న యన్నము అందులో కట్టెలు. కండరములు కదలినకొలది మంట పెరుగును. ఈ కండరములలో శక్తి యెట్లు నిలువయుండునో తెలియజెప్పినవారిలో భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. ఫిస్కె యను పండితునితో గూడి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనిరి. పార పట్టినవాని యొంటిలో పుట్టు వేడి, కూర్చున్నవానికంటె కొన్ని రెట్లు. ఆ వేడి బయటికి పోవలెను. గాలి మన యొంటికంటె చల్లగా నున్నంతకాలము కొంత గాలిలోనికి బోవును. నలువదియైదు డిగ్రీల యెండలో గాలియే మనకు వేడినిచ్చును. అప్పుడున్న ద్వారము చెమట యొక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోకాలరీల వేడిని తీసికొనిపోవును. పది లీటర్ల చన్నీటిని చేయి పెట్టలేనంతగా కాచుటకు ఆ వేడి చాలును.

ఈ చెమట మహిమను పరీక్షింప పదునెనిమిదవ శతాబ్దమున లండనులో చార్లెస్ బ్లాగ్డెను అను వైద్యుడును అతని మిత్రులును నీరు మరుగు వేడికంటె నెక్కువగా కాచిన గదిలో ప్రవేశించిరి. ఆ గదిలో బెట్టిన గ్రుడ్లు గట్టిపడినవి, మాంసము వేగినది. మనుష్యులు మాత్రము క్షేమముగా బయటికి వచ్చిరి. అయితే ఆ గాలి పొడిగాలి, వారున్నది కొన్ని నిమిషములు. చెమట పట్టవలెను, పట్టిన చెమట ఆరవలెను. ఆరుటకు గాలి తగులవలెను. గాలి తగులకుండ దుప్పటి నొక్కి పట్టిన చేతులు ఎవరివో పైన చెప్పితిని.

పెద్దాయన యన్న మాటలో దోషమిది. జ్వరమునకు వడదెబ్బకు పేరు మాత్రమే కాక పుట్టుకయే వేరు. ఇంటి యజమాని చలికి తానే పొయ్యిలో మంట పెంచుట జ్వరము. ఇల్లే యంటుకొనుట వడదెబ్బ. జ్వరములో మెదడు తానే వేడి నెక్కువచేయుచున్నది గనుక, జ్వరపు మాత్ర మెదడునకు నచ్చజెప్పి దించును. వడదెబ్బలో మెదడు దించవలెననియే ప్రయత్నించుచు ఓడిపోవుచున్నది. మాత్రకు అక్కడ పనిలేదు. వేడి నలువది డిగ్రీలు దాటి, మాట తడబడి, మతి తప్పెనా, అది వడదెబ్బ. ప్రతి నిమిషము లెక్కలోనిదే. బండికొరకు చూచుచు కూర్చుండక, ముందు చల్లబరచి పిదప తీసికొనిపోవలెనని నేటి వైద్యుల మాట. ఎండలో శ్రమచేసి కూలినవానిని చన్నీటి తొట్టిలో మెడవరకు ముంచుట శ్రేష్ఠము. తొట్టి లేనిచోట నీళ్లు పోసి విసరవలెను. మక్కా యాత్రలో వేసవిని కూలిన యాత్రికులకొరకు వైనరు, ఖోగాలి యను వైద్యులు 1980లో ప్రకటించిన పద్ధతికూడ ఇదే: రోగిని జల్లిమంచముమీద పరుండబెట్టి తుంపరలుగా నీరు చల్లుచు గాలి విసరుట. తెలివిలేనివాని నోట మాత్రము నీరు పోయరాదు, ఊపిరితిత్తులలోనికి బోవును. పెద్దమ్మ అతని నోట నీరు పోయలేదు. ఆమెకెవరు చెప్పిరో!

ఇక నా ప్రశ్న. ముప్పదిమందిలో అతడే యేల?

దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గు ప్రాంతపు బంగారు గనులు మిక్కిలి లోతైనవి; లోతునకు దిగినకొలది వేడి. గడచిన శతాబ్దపు మూడవ దశకములో అక్కడ పనివాండ్రు వడదెబ్బకు చచ్చుచుండగా వైద్యులు పరిశీలించిరి. క్రొత్తగా దిగినవారికే అపాయము మెండని తేలినది. డ్రియోస్టి యను వైద్యుడు క్రొత్తవారిని వేడిగదిలో కొంతసేపు పనిచేయించి, ఎవరి శరీరము త్వరగా వేడెక్కునో చూచి వేరుచేయు పరీక్షను 1935లో ప్రకటించెను. ఏడు మొదలు పదునాలుగు దినములు కొంచెము కొంచెముగా వేడికి అలవాటుపడినచో చెమట ముందుగా పట్టును, ఎక్కువ పట్టును, అందులో ఉప్పు తక్కువ పోవును, నెత్తుటి పరిమాణము పెరుగును. కొన్ని వారములు చల్లని చోటనున్నచో ఈ లాభమంతయు పోవును. సముద్రమట్టమునకు మూడువేల యడుగుల పైనున్న బెంగళూరు చల్లగాలిలో రెండేండ్లున్న మా అన్నకు అది మొదటి దినము. నాకు పదమూడవది. పైగా నేను బక్కవాడను. పెద్ద కండరములు పెద్ద పొయ్యిలు. ఆ పొయ్యికి తగినంత చర్మము పెరుగదు. గుండెత్తిన బలమే అతనికి భారమైనది. ఊరివారు దీనిని నమ్ముట కష్టము; నేనే చాలకాలము నమ్మలేదు.

అంతకుముందరి జ్వరము రెండవ కారణము. జబ్బునుండి లేచిన శరీరము వేడిని తట్టుకొను శక్తిని తాత్కాలికముగా కోల్పోవునని సైన్యపు వైద్యులు పలుమారు వ్రాసియున్నారు. మూడవది, ఆ జలుబు మాత్ర. ముక్కు కారుటను ఆపు పాత మందులలో కొన్ని చెమటనుకూడ ఆపును. ఉమ్మెత్తకాయ తిన్నవాని నోరు, ఒళ్లు ఎండిపోవునని మన పల్లెలలో ఎల్లరకు తెలియును. ఆ మాత్రలు కొంతవరకు ఆ మార్గముననే పనిచేయును. మనస్సు కుదుటపడుటకిచ్చు కొన్ని మందులును, మూత్రము జారీచేయు మందులును, గుండెవేగము తగ్గించు మందులును వేసవిలో జాగ్రత్త చూడవలసినవే. అంతమాత్రమున వానిని మీరై మానరాదు, వైద్యుని అడుగవలెను.

ఇంకొక సంగతి నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచినది. శరీరము వేడెక్కినప్పుడు నెత్తురంతయు చర్మమువైపు పరుగిడును. ప్రేగులకు నెత్తురు తగ్గును. అప్పుడు ప్రేగుగోడ సడలి, లోపలనుండు సూక్ష్మజీవుల విషములు నెత్తుటిలో బడును. శరీరము వానిపై తిరుగబడి తన యవయవములనే కాల్చుకొనును. రియాదు నగరములో పనిచేసిన బుషామా అను వైద్యుడు క్నోకెలు అను పండితునితో గూడి 2002లో ఈ విషయమంతయు క్రోడీకరించి వ్రాసెను. అనగా వడదెబ్బ సగము వేడి, సగము నెత్తుటి విషము. వేడి దిగిన రెండు మూడు దినములకు కూడ మూత్రపిండములు, కాలేయము చెడుట ఇందువలననే.

పుట్టుకతో వచ్చు కారణమొకటి కలదు, అది యరుదు. 1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను నగరములో ఇరువదియొకటేండ్ల విద్యార్థి కాలు విరిగి ఆస్పత్రికి వచ్చెను. కాలి నొప్పికంటె మత్తుమందుకే అతడు భయపడెను. అతని బంధువులలో పదిమంది ఈథరు మత్తులో మరణించియుండిరి. క్రొత్త మందిచ్చినను అతని యొళ్లు కొంతసేపటిలో మండసాగెను. వైద్యులు మత్తు ఆపి, మంచుగడ్డలు పేర్చి బ్రతికించిరి. డెన్‌బరో, లోవెల్ అను వైద్యులు ఆ కుటుంబమును గూర్చి ప్రకటించిన చిన్న లేఖనుండి ఒక పెద్ద శాస్త్రము పుట్టినది. కండరములలో సున్నపుధాతువును విడుదలచేయు ద్వారమొకటి కొందరిలో లోపముతో పుట్టును. కొన్ని మత్తుమందులు తగిలినంతనే అది మూతపడక, కండరములు వశము తప్పి మండును. ఆ జన్యువు 1990లో తెలిసినది. దానికి విరుగుడు డాంట్రోలీను. ఎండలో శ్రమచేసి కూలినవారిలో కొందరికి అదే జన్యువులో భేదము కనబడినది. మా వంశములో అట్టిది కలదని నేను చెప్పుటలేదు. అయినను మా అన్న కుమార్తెకు శస్త్రచికిత్స కావలసినప్పుడు, మత్తు వైద్యుడు “మీ యింటిలో మత్తుమందువలన గాని వేడివలన గాని ఎవరైన కష్టపడిరా” యని అడిగినప్పుడు, కాలువ గట్టు సంగతి దాచక చెప్పితిమి. తల్లిదండ్రులు ఆ ప్రశ్నను తేలికగా దీసికొనరాదు. మెల్‌బోర్ను విద్యార్థి నోరు విప్పినందుననే వైద్యులు సిద్ధముగా నుండిరి.

ఎండ చంపినవారి లెక్క ఎప్పుడును తక్కువే. 2010వ సంవత్సరము మే నెలలో అహమ్మదాబాదులో మామూలుకంటె 1,344 మంది అధికముగా చనిపోయిరని పండితులు తరువాత లెక్కవేసిరి. వారిలో పెక్కుమంది చావులకు గుండెయనియు ముసలితనమనియు కారణము వ్రాయబడియుండును. అటుపిమ్మట 2013లో ఆ నగరమే ముందు హెచ్చరిక పద్ధతిని నెలకొల్పినది. మన ఆంధ్రప్రదేశమున 2015లో మరల 1,300కు పైగా వడదెబ్బకు బలియైరి. ఆ యేడు నేను మా యూరిలో నుండి, గట్టున పని చేయువారిని చూచి భయముతో ఇల్లిల్లు తిరిగితిని.

మా అన్న నడకకు కారణము నాకు చివరకు దొరికినది ఒక పాత పరిశోధనలో. 1946లో మలమూదు, హేమేకరు, కస్టరు అను ముగ్గురు అమెరికా సైన్యములో వడదెబ్బచేత మరణించిన 125 మంది శరీరములను పరీక్షించి ప్రకటించిరి. మెదడులో ఎక్కువగా చెడిన భాగములలో చిన్నమెదడొకటి. అందలి పుర్కింజి కణములు వేడికి మిక్కిలి సుకుమారములు. తల వెనుక, మెడకు పైన, పిడికిలికంటె చిన్నదైన ఈ చిన్నమెదడే అడుగు ఎక్కడ వేయవలెనో, చేయి ఎక్కడ ఆపవలెనో, నాలుక ఎట్లు త్రిప్పవలెనో సవరించునది. సారాయి కూడ త్రాగినవానిలో దానిని పట్టును. అందుచేతనే తాగుబోతు నడకయు మా అన్న నడకయు ఒకే రీతి. కారణము వేరు, దెబ్బతిన్న చోటు ఒకటి. చన్నీళ్లకు దీనిలో భాగము లేదు. వేడి యెంతసేపు నిలిచినదో అదియే నష్టము. నీళ్లు పడినకొలది నష్టము తగ్గినది.

మొన్న సంక్రాంతికి ఊరికి బోయినప్పుడు మా అన్నను అరుగుమీద కూర్చుండబెట్టి, పలకమీద మెదడు బొమ్మ వ్రాసి చూపితిని. అతడు చాలసేపు చూచి, తన తల వెనుక తడుముకొని, “ఇంతేనారా? నేను పిచ్చోన్నేమో అనుకుంటి” అనెను. పిదప, “అమ్మకు చూపించు” అనెను.

పెద్దమ్మ వాకిట పాలు కాచుచుండెను. కన్ను సరిగా ఆనదు. పలక చేతబట్టుకొని త్రిప్పి త్రిప్పి చూచినది. బొమ్మ సంగతి అడుగలేదు. “అయితే అబ్బీ, ఆ పొద్దు నేను నీళ్లు పోసింది తప్పు కాదు గదా?” అనెను. ఇరువదియేండ్లకు పైగా ఈ ప్రశ్న ఆమె నెవరు నడుగలేదు, ఆమె యెవరిని నడుగలేదు.

“నీవు పోసిన నీళ్లే అన్నను నిలిపినవి పెద్దమ్మా. దుప్పటి కప్పినవాడను నేను” అంటిని.

ఆమె నా మొగమువైపు చూచి, “నువ్వు చిన్నపిల్లోనివి గదరా, నీకేం తెలుసు” అని, పాలు పొంగుచున్నవని పొయ్యివైపు తిరిగెను.